చెల్లె శ్రీమంతం మామిడి తోటలో పెడుతున్నాం, పిలుపుల దగ్గరే మాట పడింది

పాలమూరు_అక్క
మా చెల్లెకు ఏడో నెల. శ్రీమంతం మా చిన్నాయన మామిడి తోటలో, కార్తీక వనభోజనాలతో కలిపి చేద్దామనుకున్నాం. తోట దేవరకద్ర నుంచి కోయిల్‌సాగర్ పోయే రోడ్డు మీద ఉంది. ఫంక్షన్ హాలులో వరుసగా నిలబడి ఫొటో దిగి, తిని వెళ్లిపోవడం కాకుండా అందరూ ఒక పూట చెట్ల నీడన కలిసి కూర్చోవాలన్నది చెల్లె కోరిక. నాకూ నచ్చింది.

తప్పు పిలుపు దగ్గర జరిగింది. ఫోన్లో ఒక కార్డు తయారుచేసి ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టేశాను. చాప, బుట్ట, రెండు పిట్టల బొమ్మ, కింద "మామిడి తోటలో శ్రీమంతం పిక్నిక్, అందరూ రండి" అని. రాత్రికల్లా చెల్లె అత్తగారి అక్క మిర్యాలగూడ నుంచి అమ్మకు ఫోన్ చేసింది. "మమ్మల్ని గ్రూపుల పిలుస్తరా? బొట్టు లేదు, మాట లేదు. మా కోడలిని చెట్టు కింద కూసోబెడ్తరా?" అని. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఇంకా పదిహేను రోజులు ఉంది. ఎట్లా సరిచేసుకోవాలి?

ఇంకో విషయం కూడా ఉంది. అది రాయడానికి మనసు రావడం లేదు, తర్వాత రాస్తాను.

ఎడమకాలువ
మాది మిర్యాలగూడ పక్కనే. "పిక్నిక్" అన్న మాట తీసెయ్యండి ముందు. మా వైపు పెద్దవాళ్లకు పిక్నిక్ అంటే కాలేజీ పిల్లలు సాగర్ డ్యామ్ చూడటానికి పోయి పులిహోర పొట్లాలు తినడం. వనభోజనాలు అని రాస్తే సగం కోపం పోతుంది. మిగతా సగానికి మనిషి పోవాలి.

పెద్దింటి_కోడలు
నేను ఆ పెద్దామె పక్షమే. ఆడపిల్ల తరఫువాళ్లు వియ్యాలవారి గడప తొక్కి, కుంకుమ భరిణ తెరిచి, బొట్టు పెట్టి చెప్పాలి. ఫోన్లో బొమ్మ పంపితే అది పిలుపు కాదు, కబురు. మీ అమ్మానాన్న ఇద్దరూ కలిసి వెళ్లండి. చీర, జాకెట్ ముక్క, పసుపు కుంకుమ, తాంబూలం, పండ్లు. వెళ్లి తప్పైందని ఒక్క మాట అంటే చాలు.

కల్వకుర్తి_బస్సు
ఒక్క రోజు పని. మహబూబ్‌నగర్‌లో తెల్లారే బయలుదేరితే జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ. 167 జాతీయ రహదారే అంతా. రాత్రికి ఇల్లు చేరతారు.

వచ్చేవాళ్లకు కూడా ఈ దారి కార్డు మీద రాయండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ కార్డు మరిచిపోవద్దని ఒక మాట చేర్చండి. మా మేనత్త ఇంట్లో మరిచిపోయి, కండక్టర్‌తో అచ్చంపేట దాకా వాదించి, చివరికి టికెట్ కొన్నది. శ్రీమంతం ఇంటికొచ్చి గాజుల మాట కంటే టికెట్ మాటే ఎక్కువ చెప్పింది.

గాజులపెట్టె
పెద్దింటి_కోడలు చెప్పింది వియ్యాలవారి వరకు సరే. అందరికీ ఇంటింటికీ తిరగమంటే మాత్రం నేను ఒప్పుకోను. నా శ్రీమంతానికి మా అమ్మ 11 రోజులు ఊర్లన్నీ తిరిగింది. మోకాళ్లు వాచిపోయి, తీరా ఆ రోజు నాకు గాజులు వేయడానికి వంగలేకపోయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

వరుస చేసుకోండి. వియ్యాలవారు, మేనమామలు, మేనత్తలు, బాగా పెద్దవాళ్లు, వీళ్లకు గడప పిలుపు. మిగతావాళ్లకు ఒక్కొక్కరికి ఫోన్. గ్రూపు కాల్ కాదు. "వదినా, నువ్వు రావాలె" అని వరుస పెట్టి పిలవాలి. కార్డు ఆ తర్వాత పంపాలి, దారి చూసుకోవడానికి పనికొస్తుంది.

డిండి_గట్టు
తోట ఎందుకు, పిల్లలమర్రి ఉంది కదా మీ ఊళ్లోనే. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకుపోతే ఊడలు పట్టుకొని ఊగేవాళ్లం.

పాలమూరు_పిట్ట
ఆ రోజులు పోయాయి డిండి అన్నా. కొమ్మలు విరిగి పడటంతో 2017 చివర్లో సందర్శకులను ఆపేశారు. చెదలు లోపలి దాకా పట్టాయి. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, మనిషికి ఎక్కించినట్టే. మళ్లీ చూడనిచ్చినా దూరం నుంచే. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం, దాని కింద పొయ్యి పెట్టే రోజులు కావు ఇవి. చిన్నాయన తోటే మేలు.

టెంట్‌హౌస్_అన్న
ఇరవై ఏళ్లుగా నల్లగొండ, దేవరకొండ వైపు టెంట్లు వేస్తున్నాను. బయట పెట్టే ఫంక్షన్లకు పిలుపులోనే మూడు సంగతులు చెప్పకపోతే జనం రారు. వచ్చినా గంటలో పోతారు. కుర్చీలు ఉన్నాయా, బాత్రూమ్ ఉందా, నీడ ఉందా. నోరు తెరిచి ఎవరూ అడగరు. సిగ్గు. "పనుంది, చూస్తాం" అంటారు. మనం కోపమొచ్చిందని అనుకుంటాం.

కార్తీకమే అయినా మన దగ్గర పదకొండు దాటితే ఎండ చురుక్కుమంటుంది. మామిడి నీడ పొద్దుతో పాటు జరుగుతుంది. పది గంటలకు నీడలో వేసిన కుర్చీ పన్నెండుకు ఎండలో ఉంటుంది. అందుకే ముందు రోజు కాదు, ముందు ఆదివారం అదే టైముకు పోయి నిలబడి చూడండి, ఎక్కడ నీడ పడుతుందో సున్నంతో గీత గీసుకోండి. ఒక షామియానా మాత్రం తప్పకుండా వేయించండి. అల్పపీడనం పడితే కార్తీకంలో రెండు రోజులు ముసురు పట్టిన ఏళ్లు చాలా చూశాను.

నేల మీద జంబుకానాలు పిల్లలకు, వయసులో ఉన్నవాళ్లకు. వచ్చే జనంలో సగం మందికైనా కుర్చీలు చెప్పండి.

డిండి_గట్టు
చెట్టు కిందికి వచ్చి కూడా ప్లాస్టిక్ కుర్చీలేనా అన్నా. మరి తోట ఎందుకు.

టెంట్‌హౌస్_అన్న
మీ అమ్మను తీసుకొని రా తమ్ముడూ, ఆమెను అడుగుదాం.

ఏఎన్ఎం_చెల్లె
నేను సబ్‌సెంటర్‌లో పని చేస్తాను. అందరూ వచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, కూర్చునే అమ్మాయి సంగతి చూడండి.

ఏడో నెలలో పీట మీద బాసింపట్టు వేసి రెండు గంటలు కూర్చోబెడితే కాళ్లకు నీరు దిగుతుంది, నడుము పట్టేస్తుంది. చేతులున్న కుర్చీ వేయండి, కాళ్ల కింద ఆ పీట పెట్టండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయనివ్వండి. బాత్రూమ్‌కు ఎన్నిసార్లైనా వెళ్లాల్సి వస్తుంది. పట్టుచీరతో, చేతుల నిండా గాజులతో గట్టు దాటి పొదల్లోకి పొమ్మంటే ఆమె నీళ్లు తాగడమే మానేస్తుంది. నేను చూశాను అట్లాంటిది, సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోయింది.

తోట చూసే రైతును ఒక మాట అడగండి, ఈ మధ్య మందు కొట్టారా అని. మామిడికి పూత ముందు మందులు కొట్టే రోజులు దగ్గర పడుతున్నాయి. ఆ వారం కొట్టకుండా ఆపించండి. పక్క చేను పత్తిదైతే వాళ్లనూ అడగండి.

భోజనం: ఐదు రకాల అన్నాలు చేస్తారు కదా. పులిహోర నిలుస్తుంది. పెరుగన్నం, కొబ్బరన్నం నిలవవు. వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, ఎండ బాగా ఉంటే గంటే. పెరుగన్నం అక్కడికి వెళ్లాక, వడ్డించే ముందు కలపండి. చెల్లె ఆస్పత్రి కార్డు సంచిలో ఉండాలి. 108కు ఫోన్ చేస్తే తోటకు దారి చెప్పగలిగే మనిషి ఒకరు ఉండాలి.

వాగుఒడ్డు
తేనెతుట్టెలు చూసుకున్నారా? మా ఊళ్లో వనభోజనాలప్పుడు మర్రిచెట్టు కింద పొయ్యి రాజేశారు. పొగ పైకి పోయి తుట్టెకు తగిలింది. అన్నం గంజులు వదిలేసి అందరం పరుగు. మా తాతకు తలంతా కుట్టి మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. వంట చెట్లకు దూరంగా, గాలి ఎటు పోతుందో చూసి పెట్టండి.

పాలమూరు_అక్క
ఏఎన్ఎం చెల్లె, వాగుఒడ్డు, ఇవి మాకు తట్టనే లేదు. చిన్నాయనకు ఫోన్ చేశాను. వచ్చే గురువారం మందు కొట్టే మనిషికి చెప్పి ఉంచాడట. ఆపించాం. తోటలో బోరు దగ్గర ఒక గది, దానికి ఆనుకొని బాత్రూమ్ ఉంది, తలుపుకు గడియ లేదు. ఇవాళే పెట్టిస్తున్నాడు.

రేపు అమ్మానాన్నా నేనూ మిర్యాలగూడ పోతున్నాం.

పానగల్లు_పంతులు
సీమంతం అంటే పాపిట. సీమంతోన్నయనం అని షోడశ సంస్కారాల్లో ఒకటి. భర్త భార్య పాపిట తీస్తాడు, లేత మేడికాయల గుత్తితో, దర్భలతో, ఏదుపంది ముల్లుతో. వీణ వాయించేవాళ్లను పాడమనడం కూడా గృహ్యసూత్రాల్లో ఉంది. మన నోట అది శ్రీమంతం అయింది, అదీ మంచి మాటే. చెట్టు, కాయ, గడ్డి అన్నీ ఉన్న కార్యక్రమానికి తోట తక్కువ జాగా ఎట్లా అవుతుంది? ఆ పెద్దామెకు నా మాటగా చెప్పండి.

ఆదివారం యమగండం పన్నెండు నుంచి ఒకటిన్నర, రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. గాజులు పన్నెండులోపు ముగించుకోండి. కార్డు మీద "ఉదయం 10 గంటలకు" అని రాయండి. మన వాళ్లు పదిన్నరకు వస్తారు.

ఎడమకాలువ
పదకొండుకు పంతులుగారూ. మేం దూరం నుంచి రావాలి.

పాలమూరు_అక్క
మిర్యాలగూడ పోయి వచ్చాం. రాత్రి పదిన్నరకు చేరాం, నిద్ర పట్టక ఇప్పుడే రాస్తున్నాను.

పెద్దామె ముందు మాట్లాడలేదు. అమ్మ భరిణ తెరిచి బొట్టు పెట్టింది, తప్పైంది వదినా అంది. ఆమె చాలాసేపు చీర కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. నాన్న, అన్నయ్యగారు బయటికి వెళ్లాక మెల్లగా అడిగింది. "అక్కడ బాత్రూం ఉంటదా బిడ్డా? నాకు షుగరు. గంటకోసారి పోవాలె. కిందికి కూసుంటే లేవలేను, ఇద్దరు పట్టుకొని లేపాలె. మందిల ఆ సిగ్గు ఎందుకని..."

టెంట్‌హౌస్ అన్నా, మీరు చెప్పిందే. హాలు, స్తోమత, బొట్టు, ఇవన్నీ ఆమె అడగలేని మాటకు పైన కప్పిన బట్టలు. తలుపు ఉంది, నిన్ననే గడియ పెట్టించాం, చేతుల కుర్చీ మీకోసం ముందు వరుసలో వేస్తాం అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. వచ్చేటప్పుడు గర్జెలు డబ్బా నిండా పెట్టి పంపింది.

గాజులపెట్టె
ఇది చదివి మా అమ్మకు ఫోన్ చేశాను.

పెద్దింటి_కోడలు
గడప తొక్కారు కాబట్టే ఆ మాట బయటికి వచ్చింది. ఫోన్లో అయితే చెప్పేది కాదు.

పాలమూరు_అక్క
నిజం అక్కా. ఇప్పుడు రెండో సంగతి రాస్తాను.

మా పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. పెద్దనాన్న పోయి పన్నెండేళ్లు. చెల్లె మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు అమ్మకు టీబీ వచ్చి ఏడాదిన్నర మంచాన పడింది. చెల్లెకు పాలు పట్టింది, నడక నేర్పింది పెద్దమ్మే. ఇప్పుడు ఆమె "నేను వంటకాడ ఉంట బిడ్డా, గాజులకాడికి రాను, దూరం నుంచి చూస్త" అంటోంది. చెల్లె నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది.

పెద్దింటి_కోడలు
చెప్తే కోపం వస్తుంది, అయినా చెప్తున్నాను. ఇప్పుడే వియ్యాలవారి కోపం చల్లారింది. గాజులు ముత్తైదువలతో వేయించి, పెద్దమ్మకు పాదాలు మొక్కి ఆశీర్వాదం తీసుకోండి. ఆమెకూ గౌరవం, వాళ్లకూ పట్టింపు ఉండదు.

వాగుఒడ్డు
పాలు పట్టిన చెయ్యి గాజు వేస్తే అశుభమా? నాకు అర్థం కాదు అక్కా ఇది.

పెద్దింటి_కోడలు
నేను అశుభం అనలేదు. ఆ పెద్దమ్మకే మందిలో ఎవరైనా మాట అంటే తట్టుకోలేదని నా భయం. మా ఇంట్లో జరిగింది. మా చిన్నత్తను ఎవరో పక్కకు జరుగు అన్నారు, ఆమె ఆ తర్వాత ఏ శుభకార్యానికీ రాలేదు.

పానగల్లు_పంతులు
మంత్రభాగంలో గాజుల మాట లేదు. అది మన ఇళ్లలో ఆడవాళ్లు పెట్టుకున్న ఆచారం, ఇంటింటికీ మారుతుంది. ఇంట్లో పెట్టుకున్నదాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఒకటి చేయండి. ఇంకా పిలుపులు మిగిలాయి కదా, ఆమె ఇంటికి వెళ్లండి. సొంత మనిషే కదా అని వదిలేసి ఉంటారు. పిలవని చోట ముందుకు రావడానికి ఎవరికైనా కాళ్లు ఆడవు.

మల్లెమొగ్గ
చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మొదటిసారి. నాకు పెళ్లై తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. నన్ను శ్రీమంతాలకు పిలుస్తారు. కార్డు వస్తుంది, ఫోన్ మాత్రం రాదు. వెళ్తే గాజుల వరుస నా దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "నువ్వు కూర్చో అమ్మా" అంటారు. లేదంటే కడుపుతో ఉన్నామె చేతి గాజులు రెండు తీసి అందరి ముందు నాకు వేసి, వచ్చే ఏడు నీదే అంటారు. ప్రేమతోనే వేస్తారు, అది నాకు తెలుసు. అందరి కళ్లూ నా మీదే ఉంటాయి, అన్నం గొంతు దిగదు.

అక్కా, మీ లిస్టులో నాలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఫోన్ చేసి "నువ్వు గాజులు వెయ్యాలి, వడ్డించడానికి నాకు తోడుండాలి" అని పని చెప్పి పిలవండి. పని చెప్తే మేం మీ మనుషులం అనిపిస్తుంది. గాజులు తీసి ఇవ్వాలనుకుంటే పక్కకు పిలిచి, ఇష్టమేనా అని అడిగి ఇవ్వండి.

పాలమూరు_అక్క
మల్లెమొగ్గా, మా లిస్టులో ఉంది అట్లాంటి ఆమె, చెల్లె తోడికోడలు. ఇది చదివాక ఆమెకు ఫోన్ చేశాను. తాంబూలం సంచులు నేనే సర్దుతానంది.

పెద్దమ్మ ఇంటికి రేపే.

కార్డు మళ్లీ రాశాను, చూడండి:

"మా చిన్న బిడ్డ శ్రీమంతం, కార్తీక వనభోజనాలు. ఆదివారం ఉదయం 10 గంటలకు, దేవరకద్ర దగ్గర మా మామిడి తోటలో. పెద్దలకు కుర్చీలు, షామియానా, గడియ ఉన్న బాత్రూమ్, కాచి చల్లార్చిన నీళ్లు ఉన్నాయి. నేత చీరలు, మెత్తని చెప్పులు హాయిగా ఉంటాయి. పిల్లలను తప్పక తీసుకురండి, తోటలో బోరు గుంత మూసి ఉంచాం, కాలువ వైపు మనిషిని పెడుతున్నాం. బస్సులో వచ్చేవాళ్లను దేవరకద్రలో తొమ్మిదిన్నరకు, పదిన్నరకు ఆటో ఎక్కించుకుంటుంది. వాన పడితే ఇదే టైముకు మా ఇంట్లో. ఎంతమంది వస్తున్నారో శుక్రవారంలోపు చెప్తే వంట సరిగ్గా పెట్టుకుంటాం. మీ రాకే మాకు కానుక."

ఎడమకాలువ
"గడియ ఉన్న బాత్రూమ్" కార్డు మీద మొదటిసారి చూస్తున్నాను. తీయొద్దు, అట్లనే ఉంచండి. మ్యాప్ గుర్తు ఒకసారి బండి మీద వెళ్లి సరిచూడండి. మా వదిన వాళ్ల ఫంక్షన్‌కు అది కాలువకు అవతలి గట్టున చూపించింది, అరగంట తిరిగాం.

డిండి_గట్టు
ముక్క ఉందా లేదా రాయలేదు.

పానగల్లు_పంతులు
కార్తీకం నాయనా.

డిండి_గట్టు
తెలుసు పంతులుగారూ. వచ్చేవాళ్లకు కూడా తెలియాలి కదా. మా మామ వనభోజనాలంటే బగారన్నం, మేకకూర అనుకొని ఆకలితో వస్తాడు.

టెంట్‌హౌస్_అన్న
డిండి తమ్ముడు చెప్పింది సరైనదే. "శాకాహార భోజనం" అని రెండు మాటలు చేర్చండి. వంద మందికి పది పన్నెండు కిలోల బియ్యం సరిపోతాయి, ఐదు రకాలకూ కలిపి. నీళ్లు 20 లీటర్ల క్యాన్లు పది. తాగడానికి వేరు, చేతులు కడగడానికి బోరు నీళ్లు.

పాలమూరు_అక్క
నిన్న అయిపోయింది. ఇవాళ మధ్యాహ్నం దాకా గంజులు తోముకున్నాం.

118 మంది వచ్చారు, 105 అని చెప్పారు. పులిహోర చాలింది, గారెలు చాలలేదు. మ్యాప్ గుర్తు రెండు వందల గజాలు తప్పుగానే ఉంది, ముందే పోయి చూశాం కాబట్టి సరిపోయింది. చెల్లె చేతుల కుర్చీలో కూర్చుంది, అరగంటకోసారి లేచి చెట్ల మధ్య నడిచింది. ఆ నడకలో ఆమె వెంట పిల్లలంతా నడిచారు. మిర్యాలగూడ పెద్దామె ముందు వరుసలో కూర్చొని, తన పక్క కుర్చీ కూడా ఎవరికీ ఇవ్వకుండా చెయ్యి వేసి పట్టుకుంది, ఇంకో మోకాళ్ల నొప్పులామె వస్తుందని.

పెద్దమ్మ ఇంటికి అమ్మ పోయినప్పుడు కొత్త చీర పెట్టి పిలిచింది. "నాకు పిలుపేంది" అంటూనే ఆ చీరే కట్టుకొని వచ్చింది. వచ్చి మళ్లీ పొయ్యి దగ్గరే నిలబడింది. గాజులు మొదలుపెట్టే ముందు చెల్లె కుర్చీలోంచి లేచింది. ఏడో నెల కడుపుతో మెల్లగా పొయ్యి దాకా నడిచి, చెయ్యి చాపింది. పెద్దమ్మ చేతులకు శనగపిండి. కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. ఆకుపచ్చ గాజులు నాలుగు వేసింది. వేళ్లు వణికి ఒకటి పగిలితే అమ్మ ఇంకొకటి అందించింది. చెల్లె అత్తగారు ఏమీ అనలేదు. వెనక ఇద్దరు ఏదో అనుకున్నారు, నాకు వినబడింది. పెద్దమ్మకు కూడా వినబడిందేమో. భోజనాల దాకా ఉంది, అందరికీ వడ్డించింది, చెల్లెకు తనే కలిపి పెట్టింది.

మల్లెమొగ్గ
ఆమె గాజులు వేసింది. అది చాలు నాకు ఇవాళ.

పెద్దింటి_కోడలు
వెనక అన్నవాళ్లను వదిలెయ్యండి. నేనైతే ఆ ఇద్దరిలో ఒకదాన్ని అయ్యేదాన్నేమో, చదువుతుంటే అనిపించింది. వచ్చే నెల మా మరదలి శ్రీమంతం, చిన్నత్త ఇంటికి నేనే పోతాను పిలవడానికి.

ఏఎన్ఎం_చెల్లె
చెల్లెకు ఇవాళ కాళ్ల వాపు ఉందా? బీపీ ఒకసారి చూపించండి.

పాలమూరు_అక్క
కొంచెం ఉంది. రేపు పొద్దున తీసుకుపోతున్నాను.